దొండకాయ పుట్టుపూర్వోత్తరాలు, అత్తగారి అలక

ఒడిశాలోని జయపురం నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. వయసు నలభై ఎనిమిది, బడిలో టీచరు. పేరు వద్దన్నారు. ఉత్తరమంతా అచ్చు వేస్తే నా జవాబుకు చోటు మిగలదు కాబట్టి సారాంశం చెబుతాను.

వాళ్ళది కోరాపుట్ జిల్లాలో తరాలుగా స్థిరపడిన తెలుగు లూథరన్ కుటుంబం. భర్త తాతగారు మద్రాసు రాజధాని రోజుల్లో జర్మన్ మిషన్ బంగ్లాలో వంట చేసేవారు. ఒక క్రిస్మస్‌కు ఆ ఇంటి దొరసాని ఆయన చేతిలో బొటనవేలంత ఆకుపచ్చ గాజు దోసకాయ పెట్టిందట. దాన్ని చెట్టులో దాచాలనీ, ముందుగా కనిపెట్టిన పిల్లలకు ఒక బహుమతి ఎక్కువ ఇవ్వాలనీ, జర్మనీలో ప్రతి ఇంటా ఇదే ఆనవాయితీ అనీ చెప్పిందట. గాజుకాయ ఎప్పుడో పగిలిపోయింది. దాని స్థానంలోకి దొండకాయ వచ్చింది. క్రిస్మస్ ముందురోజు రాత్రి సరుగుడు కొమ్మకు దూదీ రంగు కాగితాలూ తగిలించి, పిల్లలు నిద్రపోయాక ఒక లేత దొండకాయను ఆకుపచ్చ దారంతో లోపలి రెమ్మకు కడతారు. మర్నాడు గుడి నుంచి రాగానే వేట. కనిపెట్టినవాళ్ళకు బహుమతి, కేకులో మొదటి ముక్క, భోజనాలకు ముందు లూకా సువార్త రెండో అధ్యాయం చదివే గౌరవం. మిగతా అందరికీ దొండకాయ వేపుడు. అత్తగారు తాతగారి కథ చెప్పి ముగించేదాకా ఎవరూ చెట్టు దగ్గరకు వెళ్ళకూడదు.

నిరుడు కథ సగంలో ఉండగా, భువనేశ్వర్‌లో ఉండే మరిది కొడుకు ఫోను తీశాడు. పదిహేడేళ్ళవాడు. “నాయనమ్మా, ఇదంతా అబద్ధం. జర్మనీలో ఎవరికీ ఈ ఆటే తెలియదు. గాజు బొమ్మలు అమ్ముకోవడానికి అమెరికా దుకాణాలవాళ్ళు అల్లిన కథ ఇది” అని చదివి వినిపించాడు. ఒకరిద్దరు నవ్వారు. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళిన కోడలితో “మీ మామగారు అబద్ధాలు చెప్పే మనిషా?” అని మాత్రం అన్నారు. ఈసారి డిసెంబరు రాకముందే “దొండకాయా వద్దు, ఏమీ వద్దు. గుడికి వెళ్ళొచ్చి భోంచేద్దాం” అని తేల్చేశారు.

పిల్లవాడు అందరి ముందూ క్షమాపణ చెప్పాలని భర్త పట్టుబడుతున్నారు. తోడికోడలేమో “ఉన్నమాట అన్నందుకు క్షమాపణా? అయినా ఆ ఆటలో మావాడికి ఏనాడైనా దొరికిందా?” అని ఫోను పెట్టేసింది. వాళ్ళు ఈసారి వస్తారో రారో తెలియదు. మరోవైపు బరంపురం నుంచి కూతురూ కొత్త అల్లుడూ మొదటి క్రిస్మస్‌కు వస్తున్నారు. అల్లుడు ఒడియా అబ్బాయి. దొండకాయ వేట గురించి పెళ్ళికి ముందే విని సరదాపడుతున్నాడు. “నేను ఎవరి పక్షాన నిలబడాలి? కథ నిజం కాకపోతే, ఆట ఆడించడం పిల్లల్ని మోసం చేసినట్టేనా?” అని ఈమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ మరిది కొడుకు చదివింది చాలావరకు నిజం. ముందు దాన్ని ఒప్పుకుందాం. దాన్ని కాదనడానికి ప్రయత్నిస్తే, ఫోను చేతిలో ఉన్న పదిహేడేళ్ళవాడితో వాదించి గెలవడం మీవల్లా కాదు, నావల్లా కాదు.

చెట్టులో దోసకాయ దాచే ఆట అమెరికాలో చాలా ఇళ్ళలో ఉంది. అక్కడ దాచేది ఉప్పునీళ్ళలో ఊరవేసిన చిన్న దోసకాయ ఆకారపు గాజుబొమ్మ. ఇది జర్మనీ నుంచి వచ్చిన పాత ఆచారమని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తీరా 2016లో అభిప్రాయ సేకరణలు చేసే యూగవ్ సంస్థ జర్మనీలో 2,057 మందిని అడిగితే, నూటికి 91 మంది అలాంటిదొకటి ఉందనే వినలేదన్నారు. ఆ కథలో మరో లొసుగు కూడా ఉంది. సెయింట్ నికొలస్ క్రిస్మస్ ముందురాత్రి వచ్చి బహుమతులు పెడతాడనీ, పిల్లలు తెల్లవారి లేచి వెతుకుతారనీ అందులో చెబుతారు. జర్మనీలో సెయింట్ నికొలస్ పండుగ డిసెంబరు 6న. క్రిస్మస్ బహుమతులు విప్పేది 24 సాయంత్రమే. 25 పొద్దున వెతకడానికి అక్కడ ఏమీ మిగలదు.

మరి కథ ఎలా పుట్టింది? జర్మనీలోని తురింగియా కొండల్లో లౌషా అనే ఊరుంది. 1597 నుంచి ఆ ఊరివాళ్ళది గాజు పని. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు గుండ్లూ పండ్లూ కాయలూ అక్కడ చేతితో ఊది చేసేవారు. 1880లలో అమెరికా వ్యాపారి వూల్‌వర్త్ వాటిని తెప్పించి తన దుకాణాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సరుకులో దోసకాయలను వదిలించుకోవడానికి ఏ అమ్మకందారో ఈ కథ అతికించి ఉంటాడని చాలామంది అనుమానం. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంకా రెండు కథలున్నాయి. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో యాండర్సన్‌విల్ చెరసాలలో చావుబతుకుల్లో ఉన్న ఒక బవేరియా సైనికుడు కాపలావాణ్ణి ఒక్క ఊరుదోసకాయ అడిగి తిని బతికి బట్టకట్టాడని ఒకటి. ఊరగాయ పీపాలో కుక్కిన పిల్లల్ని సెయింట్ నికొలస్ బతికించాడని ఇంకొకటి. ఇవి కాక, మిషిగన్ రాష్ట్రంలో బెరియన్ స్ప్రింగ్స్ అనే ఊరు తానే ‘క్రిస్మస్ ఊరుదోసకాయల రాజధాని’ అని ప్రకటించుకుని, ఊరేగింపు కూడా తీసింది. చూడండి, పుట్టుక తెలియని ఆటకు ఎంతమంది తల్లిదండ్రులో.

ఇప్పుడు మీ ఇంటి కథకు వద్దాం. అత్తగారు ఏటా చెప్పే కథలో రెండు మాటలున్నాయి. ఒక జర్మన్ దొరసాని తాతగారికి గాజు దోసకాయ ఇచ్చిందన్నది ఒకటి. జర్మనీలో ప్రతి ఇంటా ఈ ఆట ఆడతారన్నది రెండోది. ఆ అబ్బాయి కూల్చింది రెండోదాన్నే. మొదటి మాట జోలికి అతని ఫోను పోలేదు, పోజాలదు కూడా. అది మీ ఇంటి సంగతి, ఎక్కడా రాసి ఉండదు.

పైగా ఆ మొదటి మాట నమ్మదగ్గదిగానే ఉంది. జయపురం, కోరాపుట్ వైపు పనిచేసిన జర్మన్ మిషన్ బ్రెక్లుం అనే ఊళ్ళో 1876లో పుట్టింది. వాళ్ళ మొదటి మిషనరీలు 1882లో మీ ప్రాంతానికి వచ్చారు. లౌషా గాజు సరుకు జర్మన్ ఇళ్ళలో ఉండటంలో వింత లేదు. కాబట్టి ఒక దొరసాని పెట్టెలో గాజు దోసకాయ ఉందంటే నేను ఇట్టే నమ్ముతాను. తాతగారి కాలం కూడా కొంత లెక్క కట్టవచ్చు. కోరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, అంతకుముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ‘మద్రాసు రాజధాని రోజులు’ అంటే ఆ తేదీకి ముందు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి వెళ్ళగొట్టింది కాబట్టి ఆ ఏళ్ళు తీసేయండి. తాతగారు పుట్టిన సంవత్సరం మీకు తెలిస్తే, దొరసాని కాలం ఇంకా దగ్గరకు వస్తుంది.

మరి దాచే ఆట ఆమెకు ఎలా తెలిసింది? ఇక్కడ నాకు ఒక ఊహ ఉంది. ఊహగానే తీసుకోండి. బ్రెక్లుం ఉన్నది ష్లెస్విగ్ ప్రాంతంలో, డెన్మార్క్ సరిహద్దుకు దగ్గర. 1864 దాకా ఆ గడ్డ డెన్మార్క్ రాజు ఏలుబడిలోనే ఉంది. డెన్మార్క్‌లో క్రిస్మస్ ముందురాత్రి భోజనంలో పాలతో వండిన అన్నపు తీపి వంటకంలో ఒకే ఒక్క బాదం పలుకు వేస్తారు. అది ఎవరి వాటాలో పడితే వాళ్ళకు ఒక బహుమతి. దొరికినవాడు వెంటనే బయటపడడు. బుగ్గన దాచుకుని, మిగతావాళ్ళు గిన్నె ఖాళీ చేసేదాకా అమాయకంగా చూస్తాడు. అలాంటి సరదాలు ఎరిగిన మనిషి, పరాయి దేశంలో తన పెట్టెలోని గాజుకాయతో వంటమనిషి పిల్లలకు ఒక ఆట కల్పించి ఉండవచ్చు. లేదా ఆమె గాజుకాయ ఒకటే ఇచ్చి ఉంటుంది, వేట కల్పించింది తాతగారే అయి ఉంటుంది. అప్పుడు ఈ ఆట పుట్టిల్లు జర్మనీ కాదు, అమెరికా కాదు, మీ ఇల్లే. ఈ సంగతి ఆ అబ్బాయికి తట్టినట్టు లేదు.

ఇక అత్తగారి మాట. ఆమె “జర్మనీలో ఈ ఆట లేదా?” అని అడగలేదు. “మీ మామగారు అబద్ధాలు చెప్పే మనిషా?” అన్నారు. ఆ కథ ఆమె భర్త నోట విన్నది. ఆయన తన తండ్రి నోట విన్నారు. మనవడు ‘అబద్ధం’ అన్న క్షణాన ఆమెకు అందులో దుకాణాలవాళ్ళు కనిపించలేదు, పోయిన భర్త కనిపించారు. అందుకే లౌషాలూ వూల్‌వర్తులూ ఎంత వివరించినా ఆమె మెత్తబడరు. మీరు పక్కన కూర్చుని ఒక్క సంగతి చెప్పండి: “అత్తయ్యా, మామయ్య విన్నది విన్నట్టు చెప్పారు. దొరసాని తన ఊరి గురించి కాస్త గొప్పలు పోయి ఉంటుంది, అంతే.” తప్పు మోయడానికి ఇంట్లోవాళ్ళెవరూ అక్కర్లేదు. ఊరూ పేరూ తెలియని దొరసాని ఉంది కదా.

కానీ ఉత్తరంలో నన్ను నిలబెట్టిన వాక్యం అత్తగారిది కాదు, మీ తోడికోడలిది. “మావాడికి ఏనాడైనా దొరికిందా?” మీరు దాన్ని దెప్పిపొడుపుగా రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. మొదటి పేజీలో మీరే రాశారు: మీ పిల్లలు చిన్నప్పుడు పోటీపడి కనిపెట్టేవారని. ఇప్పుడు ఆడపడుచు కవలలు చిన్నవాళ్ళు కాబట్టి, మీవారు కంటిసైగతో వాళ్ళకు కొమ్మ చూపిస్తారని. మధ్యలో పుట్టినవాడు ఈ పిల్లవాడు. చిన్నప్పుడు మీ పిల్లలు అతనికంటే ఎత్తు, చురుకు. తాను ఎదిగేసరికి “నువ్వు పెద్దవాడివి, వాళ్ళకు వదిలెయ్” అయింది. సైగలు అందే వయసులో అతనికి సైగ చేసినవాళ్ళు లేరు. కేకు మొదటి ముక్కా, లూకా రెండో అధ్యాయమూ ఒక్కసారీ దక్కని పిల్లవాడు, ఆ ఆట పుట్టుకలోనే మోసం ఉందని చదివినప్పుడు ఎంత సంబరపడి ఉంటాడో ఊహించండి. నాయనమ్మ మీద కక్షతో అన్నాడని నేను అనుకోను. ఆట మీద కోపం, పాపం కథ మీద చూపించాడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అత్తగారి మాటే మాటగా ఈ ఏడు ఆట మానేయవచ్చు. ఇంట్లో మాట పెరగదు, మీకూ హాయి. కానీ ఒక ఏడు మానిన ఆట రెండో ఏడు తిరిగి రావడం కష్టం. కవలలు ఎదుగుతారు, కూతురు అత్తవారింటి పండుగకు వెళ్తుంది, “అప్పట్లో మన ఇంట్లో” అనుకోవడం మిగులుతుంది. పైగా ఆట పోయిందంటే కారణంగా మీ మరిది కొడుకు పేరు చెబుతారు, వాడికి నలభై ఏళ్ళు వచ్చినా సరే. ఇది అందరికంటే అతనికే ఎక్కువ నష్టం.

కథ వదిలేసి వేట ఒక్కటే పెట్టవచ్చు. పిల్లలకు తేడా తెలియదు, దొండకాయ దొరికితే చాలు వాళ్ళకు. కానీ కథ చెప్పే మనిషి అదే గదిలో కుర్చీలో కూర్చుని ఉంటారు. ఆమెను దాటుకుని పిల్లలు చెట్టు మీదకు పరుగెత్తడం మీరు చూడగలరా? ఉన్న దారుల్లో ఇదే నాకు బొత్తిగా నచ్చనిది.

మీవారు కోరినట్టు అందరి ముందూ క్షమాపణ చెప్పించవచ్చు. పదిహేడేళ్ళవాడు తల్లి గుడ్లురుముతుంటే నేల చూపులు చూస్తూ గొణిగే ‘సారీ నాయనమ్మా’తో ఎవరి మనసు చల్లబడుతుంది? నిజం చెప్పినందుకు శిక్ష పడిందని అతను గట్టిగా గుర్తుపెట్టుకుంటాడు. తోడికోడలు ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. అతను నాయనమ్మకు క్షమాపణ చెప్పాల్సిన మాట నిజమే, సంగతి చెప్పినందుకు కాదు, నలుగురిలో ఆ వేళప్పుడు అలా చెప్పినందుకు. అయితే అది వాళ్ళిద్దరి మధ్య, మీరెవరూ లేనప్పుడు జరగాలి. జరగకపోయినా దాన్ని పట్టుకుని వేలాడకండి.

ఇంకొక దారి ఉంది. ఈసారి దొండకాయ దాచే పని ఆ పిల్లవాడికి అప్పగించండి. ఇన్నేళ్ళు వెతికి విసిగినవాడు దాచే పక్షానికి వస్తాడు. ఆటలో అతని వయసుకు తగిన చోటు అదే. ముందు మీరు విడిగా ఫోను చేసి అడగండి, తల్లి ద్వారా కబురు పంపకండి. “నాకేం అక్కర్లేదు” అనవచ్చు. మొదటిసారి అలాగే అంటారు, ఆ వయసు అంతే. మర్నాడు మళ్ళీ అడిగితే “ఎన్ని నిబంధనలు?” అంటాడు. నిబంధనలు మాత్రం ముందే గట్టిగా చెప్పండి. కవలల్లో పొట్టిది ఎవరో ఆ పిల్ల చేతికి అందే ఎత్తులోనే కట్టాలి. దూదిలో చుట్టకూడదు. 24 రాత్రి తప్ప ముందే కట్టకూడదు. దొండకాయ నాలుగు రోజులు ఆగితే పండి ఎర్రబడుతుంది. మన కవులు పెదవులకు పోలిక తెచ్చిన ఆ దొండపండు పచ్చని సరుగుడు రెమ్మల్లో గుమ్మం దగ్గర నుంచే కనిపిస్తుంది. ఇక వేటలో కంటిసైగలు బందు అని మీవారికి కూడా చెప్పండి. సైగ చేయాలనిపిస్తే దాచినవాడే చేయాలి.

దీనివల్ల వచ్చే ఇబ్బందీ ఉంది. మొదటిసారి పెత్తనం దొరికినవాడు ఎవరికీ దొరకనంత తెలివిగా దాస్తాడు. కవలలు ఏడుస్తారు, భోజనాలు ఆలస్యమవుతాయి. అందుకని సమయం పెట్టండి. అరగంటలో దొరక్కపోతే దాచినవాడే తీసి చూపించాలి, అప్పుడు లూకా సువార్త చదివే అవకాశం అతనిది. ఇన్నేళ్ళుగా దక్కనిది అలాగైనా దక్కుతుంది. కావాలనే దొరక్కుండా దాచాడని మీవారు సణిగితే సణగనివ్వండి.

కథ సంగతి అత్తగారికీ కొత్త అల్లుడికీ వదిలేయండి. ఏటా విని విని నోటికి వచ్చేసిన పిల్లలకు చెప్పడం వేరు, అసలు వినని మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని “చెప్పండి నాయనమ్మా” అనడం వేరు. అల్లుడు అడిగితే ఆమె కాదనరు. తెలుగులో సగం, ఒడియాలో సగం చెబుతారు. ముందురోజు రాత్రి అరిసెలు వత్తుతున్నప్పుడు అడిగించండి, అందరి ముందూ కాదు. ఆ పక్కనే మీ మరిది కొడుకు కాయ చేతిలో పట్టుకుని దారం వెతుక్కుంటూ ఉంటే మంచిది. వీలైతే ఆ రాత్రే అతనికి ఒక పని చెప్పండి. దొరసాని పేరు ఏమై ఉంటుంది, తాతగారు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా బంగ్లాలో పనిచేశారు, మీ గుడి పాత రిజిస్టరులో ఆయన బాప్తిస్మం తేదీ ఉందా అని వెతకమనండి. పనిగట్టుకుని జర్మనీ గురించి వెతికినవాడు జయపురం గురించి వెతకలేడా? ఒక్క జాగ్రత్త చెప్పండి. నాయనమ్మను సాక్షిని నిలదీసినట్టు అడగకూడదు. ఆమెకు తేదీలు తడబడితే “చూశారా” అని ఫోను తీయకూడదు.

మోసం గురించి అడిగారు. తాతగారు ఇలా చెప్పేవారని చెప్పడం మోసం కాదు, ఎప్పటికీ కాదు. జర్మనీలో ప్రతి ఇంటా ఆడతారని మాత్రం ఇక చెప్పవద్దు, అది తప్పని మీకు తెలిసిపోయింది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే కథకు వచ్చిన లోటు లేదు. దాని బదులు “అమెరికాలో కూడా కొందరు ఆడతారట, జర్మనీలోవాళ్ళకే తెలియదట” అని చెబితే పిల్లలు ఇంకా నవ్వుతారు. ఆ వాక్యం చెప్పే వంతు మీ మరిది కొడుకుకు ఇవ్వమని అత్తగారిని అడగవచ్చు. ఒప్పుకుంటే సరి, లేకపోతే వచ్చే ఏడు.

ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. అత్తగారి పక్షాన నిలబడి, ఫోను మాత్రం తోడికోడలికి చేయండి. “ఏనాడైనా దొరికిందా” అన్న మాట నిజమేనని ఒప్పుకుని, అక్కడితో ఆపేయండి. “కానీ” అని మొదలుపెడితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ వారంలోనే చేయండి. క్రిస్మస్ వారానికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరకడం కష్టం, టికెట్లు లేవన్న సాకు ఆమె చేతికి అందనివ్వకండి.